వెళ్లేవాణ్ని వెళ్లనివ్వండి, మాకు మాత్రం ముందే చెప్పండి

ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) 32 జట్ల యాజమాన్యాలకు, జనరల్ మేనేజర్లకు, ఆటగాళ్ల ఏజెంట్లకు ఒక అభిమాని బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నమస్కారం.

నేను విస్కాన్సిన్‌లో 18 ఏళ్లుగా ఉంటున్న తెలుగువాణ్ని. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 2011 డిసెంబరులో గ్రీన్‌బే ప్యాకర్స్ క్లబ్బు జనానికి షేర్లు అమ్మినప్పుడు 250 డాలర్లు పెట్టి ఒకటి కొన్నాను. దాని మీద డివిడెండ్ రాదు, అమ్ముకుందామంటే కొనేవాడు ఉండడు. సర్టిఫికెట్ ఫ్రేం కట్టించి హాల్లో పెడితే, ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ "మా ఆయన పెట్టుబడి" అని చూపించి మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. ఇలాంటి వాటాదారులం 5 లక్షల 30 వేల మందికి పైనే ఉన్నాం. మీ ఆట మాకు ఎన్నో మంచి ఆదివారాలు ఇచ్చింది. దానికి కృతజ్ఞతలు చెప్పి విషయంలోకి వస్తున్నాను.

వయసు మీదపడ్డ స్టార్ క్వార్టర్‌బ్యాక్ (జట్టు ఆటను నడిపించేవాడు) చివరి ఒకటి రెండేళ్లు ఎక్కడ ఆడాలి అన్న గొడవ రెండు మూడేళ్లకోసారి ఏదో ఒక ఊళ్లో లేస్తూనే ఉంటుంది. దీని మీద నేనూ, నాలాంటి మరికొందరం కలిసి సంబంధిత కార్యాలయాలకు ఇంగ్లీషులో మూడు ఉత్తరాలు రాశాం. ఎవరికి రాశామో పేర్లు పెట్టను. రెండింటికి జవాబే లేదు. మూడోదానికి "మీ అభిమానానికి ధన్యవాదాలు" అని మెషిన్ పంపిన మెయిల్ వచ్చింది, దాని కింద జెర్సీల మీద 20 శాతం తగ్గింపు కూపన్. ఆ కూపన్ చూశాకే బహిరంగంగా రాయాలనిపించింది. తెలుగులో ఎందుకంటారా? ఇంగ్లీషులో రాసి చూశాం కదా. తెలుగులో రాస్తే కనీసం మావాళ్లు చదువుతారు. మీకు చదివి వినిపించేవాళ్లు కావాలంటే మీ ఐటీ విభాగంలో అడగండి, మావాడొకడు ఉండకపోడు.

ముందుగా ఒక మాట. స్టార్ వేరే జట్టుకు వెళ్లకూడదు, ఇక్కడే రిటైర్ కావాలి అని అడగడానికి ఈ లేఖ రాయడం లేదు. ఒకప్పుడు అలా అనుకున్నమాట నిజమే. ఎలా మారానో చెబుతాను.

నేను ఈ దేశం వచ్చిన మొదటి చలికాలం, 2008 జనవరి 20. గ్రీన్‌బేలో మైనస్ 18 డిగ్రీలు. ఆట ఓనమాలు కూడా తెలియవు నాకు. ఆఫీసులో పక్క సీటు పెద్దాయన తన ఇంటికి పిలిచి టీవీ ముందు కూర్చోబెట్టి క్వార్టర్‌బ్యాక్ అంటే ఏమిటో చెప్పాడు: ప్రతి ఎత్తుకూ (అంటే బంతి కదిలే ఒక్కో విడతకూ) బంతి ముందు అతని చేతికి వస్తుంది, ఎవరికి వెయ్యాలో రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి, ఆలోపు 120 కిలోల మనుషులు వచ్చి మీద పడతారు. క్రికెట్ భాషలో కెప్టెనూ ఓపెనరూ వికెట్ కీపరూ ఒకడే అన్నమాట. ఆ రోజు ఆ పని చేస్తున్నవాడు బ్రెట్ ఫార్వ్. (రాసేది ఒకలా, పలికేది ఇలా. నాకు ఇది అలవాటు కావడానికి నెల పట్టింది.) వయసు 38. ఓవర్‌టైంలో అతను వేసిన బంతి న్యూయార్క్ జెయింట్స్ ఆటగాడి చేతిలో పడింది. 23-20 తేడాతో ఓటమి. పెద్దాయన రిమోట్ కింద పెట్టి, చాలాసేపు కిటికీలోంచి మంచు చూస్తూ ఉండిపోయాడు. ప్యాకర్ల తరఫున ఫార్వ్ వేసిన ఆఖరి బంతి అదేనని అప్పటికి ఎవరికీ తెలియదు.

మార్చిలో ఫార్వ్ ఏడుస్తూ రిటైర్మెంట్ ప్రకటించాడు. ఊరు ఊరంతా ఏడ్చింది. ఎండాకాలానికి మనసు మార్చుకున్నాడు, మళ్లీ ఆడతానన్నాడు. క్లబ్బు అప్పటికే కుర్ర క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాడ్జర్స్ వైపు తిరిగిపోయింది. ఫార్వ్ రిటైర్మెంట్‌లోనే ఉంటే ప్రచార ఒప్పందం కింద పదేళ్లలో రెండు కోట్ల డాలర్లకు పైగా ఇస్తామన్నారని పత్రికల్లో వచ్చింది. ఆగస్టు మొదట్లో, జనం కుటుంబాలతో వచ్చి ప్రాక్టీసు చూసే రాత్రి ఫార్వ్ విమానం ఊళ్లో దిగింది. లోపల స్టేడియంలో, ఏ తప్పూ చేయని 24 ఏళ్ల రాడ్జర్స్‌ని కొందరు గేలి చేశారు. మూడు నాలుగు రోజుల్లో ఫార్వ్‌ని న్యూయార్క్ జెట్స్‌కు ట్రేడ్ చేశారు, అంటే మార్పిడి కింద ఇచ్చేశారు. జెట్స్ అతన్ని మా పక్క రాష్ట్రపు వైరి జట్టు మిన్నెసోటా వైకింగ్స్‌కు మళ్లించకుండా, అలా చేస్తే మూడు మొదటి రౌండ్ డ్రాఫ్టు అవకాశాలు (కొత్త ఆటగాళ్లను ముందుగా ఎంచుకునే వంతులు) మాకివ్వాలి అన్న షరతు కూడా పెట్టారని అప్పట్లో వార్త.

ఏమైంది? ఏడాది తిరిగేసరికి జెట్స్ వదిలేశారు, అతను వైకింగ్స్‌కే వెళ్లాడు. 40 ఏళ్ల వయసులో 33 టచ్‌డౌన్లు (మన గోల్ లాంటివి), 7 ఇంటర్‌సెప్షన్లు (ఎదుటి జట్టు చేతికి పోయిన బంతులు). ఊదారంగు జెర్సీలో మా స్టేడియం లాంబో ఫీల్డ్‌కు వచ్చి నాలుగు టచ్‌డౌన్లు వేసి 38-26తో మమ్మల్ని ఓడించి వెళ్లాడు. స్టేడియం అంతా "బూ" అంది. యాపిల్టన్‌లో స్నేహితుడి బేస్‌మెంట్లో మిర్చి బజ్జీల ప్లేటు పట్టుకుని నేనూ టీవీకి "బూ" అన్నాను. మాకు 16 ఏళ్లు ఆడినవాణ్ని, వరుసగా 253 మ్యాచ్‌లు ఒక్కటీ మానకుండా ఆడినవాణ్ని, అతను ఆడుతుండగా పుట్టిన పిల్లలు కాలేజీకి రాబోయే వయసులో ఉండగా తిట్టాం. ఆ తిట్లు చల్లారి, అతని 4వ నంబరును గౌరవించే సభ జరగడానికి 2015 దాకా పట్టింది. ఆ సాయంత్రం ఆట లేదు, ఏమీ లేదు, అయినా అతన్ని చూడడానికే 67 వేల మంది వచ్చారు. అంత ప్రేమ ఉన్నప్పుడు ఆ ఏడేళ్లు ఎందుకు వృథా చేశామో నాకు అర్థం కాలేదు.

సరే, ఒకసారి జరిగితే పొరపాటు అనుకోవచ్చు. పదిహేనేళ్లకు అదే క్లబ్బులో, అదే పాత్రలో, ఈసారి రాడ్జర్స్. నాలుగు ఎంవీపీలు (ఏడాది ఉత్తమ ఆటగాడి అవార్డులు) గెలిచినవాడు. 2020 డ్రాఫ్టులో అతని వారసుడిగా జోర్డన్ లవ్‌ని తీసుకున్నారు. 2023 ఫిబ్రవరిలో నిర్ణయం తేల్చుకోవడానికి రాడ్జర్స్ ఆరెగాన్‌లో ఒక చీకటి గదిలో నాలుగు రోజులు కూర్చున్నాడు. అతను వెలుగులోకి వచ్చాడు గానీ మేం చీకట్లోనే ఉన్నాం. మార్చి మధ్యలో టీవీలో జెట్స్‌కు వెళ్లాలనుకుంటున్నానన్నాడు. ట్రేడ్ ఏప్రిల్ చివరికి గానీ కాలేదు. సెప్టెంబరు 11న కొత్త జట్టు తరఫున నాలుగో ఎత్తులోనే మడమ వెనక స్నాయువు తెగిపోయింది, ఆ సీజన్ అక్కడితో సరి. 2024లో జెట్స్ 17 మ్యాచ్‌ల్లో ఐదు గెలిచింది. 2025లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌కు వెళ్లాడు, అదీ జూన్‌లో, అందరినీ నెలల తరబడి ఎదురుచూడబెట్టి.

వెళ్లినవాళ్లంతా ఇలాగే అయ్యారా అంటే కాదు. పేటన్ మానింగ్‌ని మెడ ఆపరేషన్ల తర్వాత 2012లో ఇండియానాపోలిస్ వదిలేస్తే, డెన్వర్ వెళ్లి ఒకే సీజన్లో 55 టచ్‌డౌన్లు వేశాడు, 39 ఏళ్లకు సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచి మానేశాడు. ఇండియానాపోలిస్ స్టేడియం బయట ఇప్పుడు అతని విగ్రహం ఉంది. టామ్ బ్రేడీ 20 ఏళ్ల తర్వాత న్యూ ఇంగ్లండ్ వదిలి టాంపా వెళ్లిన మొదటి ఏడాదే, 43 ఏళ్ల వయసులో, ఏడో సూపర్ బౌల్ గెలిచాడు. ఇంకోపక్క జానీ యూనిటస్ 1973లో శాన్‌డియేగోలో, జో నేమత్ 1977లో లాస్ ఏంజెలెస్‌లో నాలుగేసి మ్యాచ్‌లు మొదలుపెట్టి పక్కకు తప్పుకోవాల్సి వచ్చింది. డాన్ మరీనో 17 ఏళ్లు మయామీలోనే ఆడి అక్కడే మానేశాడు, సూపర్ బౌల్ మాత్రం గెలవలేదు. ఇందులో ఏది సరైన దారో ముందే తెలిసినవాడు ఎవడూ లేడు. అందుకే అంటున్నాను, ఆ పందెం ఎవరి ఒంటి మీద నడుస్తుందో అతన్నే కాయనివ్వండి. వరుసగా 297 మ్యాచ్‌లు ఆడిన ఫార్వ్ తనకు పార్కిన్సన్స్ వచ్చిందని 2024లో అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు చెప్పాడు. అతని చివరి రెండేళ్ల మీద నాకేదో హక్కుందని వాదించే ధైర్యం నాకు లేదు.

ఇక్కడ మా హైదరాబాద్ సంగతి ఒకటి గుర్తుచేయాలి, మావాళ్లకు సులువుగా అర్థమవుతుంది. 2016లో సన్‌రైజర్స్‌కు కప్పు తెచ్చిన డేవిడ్ వార్నర్‌ని 2021 సీజన్ మధ్యలో కెప్టెన్సీ నుంచి తీసేసి, తర్వాతి మ్యాచ్‌లో జట్టులోంచే తప్పించారు. మన పాటలకు స్టెప్పులేసి మనవాడైపోయిన మనిషి డ్రింక్స్ మోసుకొస్తుంటే, ఆ తర్వాత గ్యాలరీలో కూర్చుని జెండా ఊపుతుంటే చూశాం. ఆ నవంబరులోనే టీ20 ప్రపంచకప్‌లో మ్యాన్ ఆఫ్ ది టోర్నమెంట్ అయ్యాడు. మరుసటి ఏడాది ఢిల్లీ తరఫున హైదరాబాద్ మీదే 92 నాటౌట్. వెళ్లిపోయినందుకు అతని మీద కోపమొచ్చిన తెలుగువాణ్ని నేను చూడలేదు. కోపమంతా పంపిన తీరు మీదే. అమెరికా అయినా ఉప్పల్ అయినా జనం మనసు ఒకటే.

ఇక మీ నిర్ణయాల ఆలస్యం, దాపరికం వల్ల మామూలు జనం మీద ఏం పడుతోందో వరుసగా రాస్తున్నాను.

1. జెర్సీ. మా అబ్బాయికి అప్పుడు పదకొండేళ్లు. 2023 చలికాలంలో పక్కింటివాళ్ల వాకిట్లో మంచు ఎత్తి, వారానికి పది డాలర్లు దాచుకుని, రాడ్జర్స్ 12వ నంబరు జెర్సీ కొన్నాడు. నూట ముప్పై డాలర్లు. నెల కూడా తిరక్కుండా రాడ్జర్స్ వెళ్లిపోతానన్నాడు. ట్యాగు తీయని జెర్సీ పట్టుకుని కొన్న షాపుకే వెళ్లాం. "ఆటగాడు జట్టు మారితే మాకు సంబంధం లేదు" అన్నారు. రూలు ప్రకారం వాళ్లది తప్పు కాదు. కౌంటర్ మీద ఆ జెర్సీని మళ్లీ నాలుగు మడతలు పెట్టి సంచిలో పెట్టుకున్నవాడు మాత్రం వాడు. దారిలో ఒక్క మాట మాట్లాడలేదు. న్యూయార్క్‌లో నేమత్ తన 12వ నంబరు ఇస్తానన్నా రాడ్జర్స్ వద్దని 8 తీసుకున్నాడు, అది అతని మర్యాద. అక్కడి పిల్లలు 8 కొన్నారు, ఆ 8 ఆ సీజన్లో నాలుగు ఎత్తులే ఆడింది. చూసేవాళ్లకు చిన్న విషయం. మీకు మాత్రం ఇది అమ్మకం, అమ్మేటప్పుడు మీకు తెలిసింది మాకు తెలియదు.

2. సీజన్ టికెట్. రెన్యువల్ డబ్బులు కట్టమని నోటీసులు చాలా చోట్ల చలికాలం చివర్లోనే వస్తాయి. ఆ ఏడాది ఎవరు ఆడతారో తేలేది మార్చిలోనో, ఏప్రిల్లోనో, ఒక్కోసారి జూన్‌లోనో. గ్రీన్‌బేలో వెయిటింగ్ లిస్టు లక్ష దాటింది, ఒకసారి వదులుకుంటే మళ్లీ ఈ జన్మలో రాదు కాబట్టి కళ్లు మూసుకుని కడతారు. ఆ బలహీనత మీకు తెలుసు.

3. ఊరు. గ్రీన్‌బే జనాభా లక్షా ఏడు వేలు. లాంబో ఫీల్డ్‌లో పట్టేది 81 వేలు. 2000లో ఇక్కడి జనం ఓటేసి, స్టేడియం బాగుచేయడానికి అర శాతం అమ్మకపు పన్ను తమ నెత్తిన వేసుకున్నారు. 2015 దాకా, టైర్లు కొన్నా సోఫా కొన్నా కట్టారు. మ్యాచ్ రోజు స్టేడియం చుట్టుపక్కల ఇళ్లవాళ్లు తమ పచ్చికలో కార్లు పెట్టించుకుని ఆ డబ్బుతో ప్రాపర్టీ టాక్స్‌కు సర్దుకుంటారు. హోటల్లో పనిచేసే అమ్మాయికి జనవరిలో ఇంకో ఆదివారం మ్యాచ్ ఉంటుందా లేదా అన్నది జీతం విషయం. ఒక మనిషి ఊగిసలాట వీళ్లందరి లెక్కనూ ఊపుతుంది.

4. డెడ్ మనీ. ఆటగాడు పోయినా అతనికి ముందే ఇచ్చిన బోనస్ శాలరీ క్యాప్‌లో (ఆటగాళ్ల మీద జట్టు ఏడాదికి పెట్టగల ఖర్చు పరిమితిలో) కూర్చునే ఉంటుంది, దాన్నే అలా అంటారు. రాడ్జర్స్ వెళ్లాక 2023లో ప్యాకర్ల లెక్కలో సుమారు 4 కోట్ల డాలర్లు అలాగే ఉన్నాయి, అంటే ఆ ఏడాది క్యాప్‌లో ఆరో వంతుకు పైనే. డెన్వర్ తన క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్‌ని వదిలేసినందుకు రెండేళ్లలో 8.5 కోట్లు మోసింది. ఆ మేరకు మిగతా జట్టు బక్కచిక్కుతుంది, టికెట్ ధర మాత్రం తగ్గదు.

5. వీడ్కోలు వ్యాపారం. 2022 మార్చిలో బ్రేడీ "ఆఖరి టచ్‌డౌన్" బంతిని ఒకాయన వేలంలో 5 లక్షల 18 వేల డాలర్లకు పాడుకున్నాడు. మర్నాడు బ్రేడీ మళ్లీ ఆడతానన్నాడు! ఆ వేలం రద్దయింది, ఆయన గట్టెక్కాడు. "ఆఖరి ఆట" అని నమ్మి అప్పుచేసి టికెట్లు కొని విమానమెక్కి వెళ్లే మామూలువాళ్లకు ఏదీ రద్దు కాదు.

కాబట్టి మేం అడిగేవి ఇవి. ఏదీ మీ శక్తికి మించింది కాదు.

1. పదేళ్లకు పైగా ఒకే జట్టుకు ఆడిన 35 దాటిన క్వార్టర్‌బ్యాక్ విషయంలో ఆటగాడూ క్లబ్బూ కలిసి ఒక తేదీ ప్రకటించాలి. మార్చిలో కొత్త లీగ్ సంవత్సరం మొదలయ్యేలోపు ఉంటున్నాడా, వెళ్తున్నాడా, మానేస్తున్నాడా చెప్పాలి. తేల్చుకోలేకపోతే "ఇంకా తేలలేదు" అని చెప్పండి, అదీ జవాబే. కానీ అప్పుడు టికెట్ల రెన్యువల్ గడువు కూడా పొడిగించాలి.

2. అలాంటి ఆటగాడు ఫలానా జట్టుకు వెళ్లకూడదనే చాటుమాటు షరతులు మానేయాలి. వైరి జట్టుకు వెళ్తే గుండె మండుతుంది, 2009లో మాకు మండింది. మండినా చచ్చిపోలేదు. మరుసటి సీజన్లోనే మేం సూపర్ బౌల్ గెలిచాం, అదీ అతన్ని కాదని తెచ్చుకున్న రాడ్జర్స్‌తోనే.

3. ట్రేడ్‌కు ముందు 90 రోజుల్లో కొన్న ఆ ఆటగాడి జెర్సీని సగం ధరకైనా మార్చి ఇవ్వాలి. బిల్లు చూపిస్తాం.

4. రిటైర్మెంట్ కాగితాలు లీగ్‌కు చేరేదాకా "వీడ్కోలు" పేరుతో ఏదీ అమ్మకూడదు.

5. తర్వాత రాబోయే కుర్రాణ్ని జనం ముందుకు ఒంటరిగా తోయకండి. ఆ ఆగస్టు రాత్రి రాడ్జర్స్ పక్కన నిలబడి, "ఇది మా నిర్ణయం, అరవాలంటే మమ్మల్ని అరవండి" అని మైకులో చెప్పే పెద్దమనిషి ఒక్కడు ఉండాల్సింది. ఆ మాటకయ్యే ఖర్చు సున్నా. ఇది చదివే తోటి అభిమానులకూ చెబుతున్నాను, 2009లో నేను చేసిన పని మీరు చేయకండి.

6. ఆటగాడు నిజంగా మానేశాక నంబరుకు ఇవ్వాల్సిన గౌరవం రెండేళ్లలోపు ఇవ్వండి. అలకలు తీరేదాకా ఆగితే మా పెద్దాయన లాంటివాళ్లు ఉండరు. 2008లో నాకు ఆట నేర్పిన ఆయన ఫార్వ్ సభ చూడకుండానే పోయాడు.

గ్రీన్‌బేలో ఒక ఆనవాయితీ ఉంది, తెలియనివారి కోసం రాస్తున్నాను. జూలై చివర్లో ట్రైనింగ్ క్యాంప్ మొదలైనప్పుడు ఆటగాళ్లు స్టేడియం నుంచి రోడ్డవతలి ప్రాక్టీసు మైదానానికి ఊరి పిల్లల సైకిళ్ల మీద వెళ్తారు. పాత కోచ్ లొంబార్డీ కాలం నుంచీ ఇంతే. ఆరున్నర అడుగుల మనిషి మోకాళ్లు హ్యాండిల్‌కు కొట్టుకుంటూ చిన్న సైకిల్ తొక్కుతుంటే, సైకిల్ సొంతదారు అతని హెల్మెట్ రెండు చేతులా మోస్తూ పక్కన పరుగెడతాడు. మా అబ్బాయి 2022లో తన ఆకుపచ్చ సైకిల్ తీసుకెళ్లాడు. దాన్నెక్కినవాడు పేరున్నవాడేం కాదు, ఆ నెలాఖరుకే జట్టులోంచి తీసేశారు. వెళ్లేముందు మాత్రం సైకిల్ స్టాండు వేసి, "మళ్లీ రాకపోవచ్చు తమ్ముడూ, థ్యాంక్స్" అని చెప్పి వెళ్లాడట. వాడు ఆ మాట ఇప్పటికీ చెబుతాడు. కోట్ల డాలర్ల ఒప్పందాలు రాసే మీనుంచి మేం అడుగుతున్నది కూడా అంతే మర్యాద.

ఈ లేఖ ప్రతులు, ఇంగ్లీషు అనువాదంతో సహా, 32 కార్యాలయాలకూ రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. వచ్చే మార్చిలోపు జవాబు ఇప్పించండి. ఈసారి మనిషి చేత రాయించండి. కూపన్ అక్కర్లేదు.

ఇట్లు,
ఒక్క షేరున్న వాటాదారు,
విస్కాన్సిన్